పదకొండో జవాబు

ఎవరికీ తెలియనివ్వనని నేను మాటిచ్చిన జవాబులు సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, పేర్లతో సహా, కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించి ఉన్నాయి.

తడి గొడుగు మడవకుండానే చదివాను. "శ్వాస లెక్కించకుండా చార్టులో అంకెలు వేసినట్టు ఒప్పుకున్న విద్యార్థులు. విచారణ ముగిసేవరకు వీరికి వార్డు డ్యూటీలు లేవు." కింద ప్రిన్సిపాల్ గారి సంతకం. మధ్యలో రోల్ నంబర్లు, పేర్లు. అన్నీ నా క్లాసు పిల్లలవే.

వార్డు డ్యూటీ లేదంటే బయటివాళ్ళకి సెలవు దొరికినట్టు వినిపిస్తుంది. నర్సింగ్ కాలేజీలో దాని అర్థం వేరు. ఇన్ని గంటలని వార్డులో నిలబడి పనిచేస్తేనే పరీక్షకి కూర్చోనిస్తారు. పరీక్షలకి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి. గంటలు తగ్గితే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

బోర్డు ముందున్న పిల్లలు నన్ను చూసి పక్కకి జరిగారు. మామూలుగా అయితే పది గొంతులు ఒకేసారి గుడ్ మార్నింగ్ చెప్పేవి. ఆ రోజు ఒక్కటీ పెగల్లేదు. అందరికంటే ముందు నిలబడి ఉన్నది లాయరు. ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేస్తుందని క్లాసంతా కలిసి ఆ పిల్లకి పెట్టిన పేరు. జాబితాలో మూడో పేరు తనదే.

"పేర్లు రావన్నారు కదా మేడమ్," అంది.

"నేను ఇవ్వలేదమ్మా."

"అయితే వాటంతట అవే నడిచొచ్చాయా?"

ఏదో చెప్పబోయాను. గంట కొట్టారు. పిల్లలందరూ క్లాసులోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ కాగితం ముందు నిలబడిపోయాను.

* * *

వానలు మొదలైన వారంలో కాలేజీకి ఆ రిమోట్లు వచ్చాయి. సబ్బుబిళ్ళంత డబ్బా, మీద నాలుగు మీటలు. నలభై రెండు మంది పిల్లలకి నలభై రెండు. టీచరు ప్రశ్న తెర మీద వేస్తుంది, పిల్లలు తలా ఒక మీట నొక్కుతారు, ఎంతమంది ఏది నొక్కారో రంగురంగుల కడ్డీలుగా తెర మీద లేస్తుంది. ఎవరు నొక్కారో కనబడదు. వాటిని ప్రొజెక్టరుకి కలిపి పనిచేయించే పెద్దాయనని అందరం వైర్ల మాస్టారు అనేవాళ్ళం. ఎప్పుడు చూసినా మెడలో ఒక వైరు వేలాడుతూ ఉండేది.

ఇరవై రెండేళ్ళుగా పాఠం చెప్పి, చివర "అర్థమైందా?" అని అడిగి, ఊగిన తలలు చూసి సంతోషపడినదాన్ని నేను. రిమోట్లు వచ్చిన మొదటి రోజే నా పరువు తీశాయి. మందు మోతాదు లెక్క ఒకటి చెప్పాను. తలలన్నీ ఊగాయి. అదే లెక్క తెర మీద వేస్తే పంతొమ్మిది మంది తప్పు నొక్కారు.

"ఇన్నాళ్ళూ తలలకి పాఠం చెప్పానన్నమాట, బుర్రలకి కాదు," అన్నాను. క్లాసు గొల్లున నవ్వింది. వెనక బెంచీలో కూర్చున్న మా అమ్మాయి కూడా నవ్వింది. అది నా క్లాసులోనే చదువుతోంది. ఇంట్లో చిన్ని. కాలేజీలో మాత్రం నన్ను మేడమ్ అనాలని మొదటి ఏడాదే ఒప్పందం చేసుకున్నాం.

అక్కడే ఒక పని చేశాను. హాజరు పట్టీ పట్టుకుని పేర్లు పిలిచే బాధ తప్పుతుంది కదా అని, ఏ రిమోట్ ఎవరిదో నా లాప్‌టాప్‌లో ఎక్కించాను. ఒకటో నంబరు ఫలానా, రెండో నంబరు ఫలానా, అలా నలభై రెండు పేర్లు. ఎవరైనా మీట నొక్కితే వచ్చినట్టు లెక్క. ఎంత సుఖమో! కాకపోతే హాజరు తెలిసిన పెట్టెకి జవాబు కూడా తెలుస్తుంది. నాకా సంగతి తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

నెల తిరిగేసరికి ధైర్యం వచ్చింది. ఒక బుధవారం, శ్వాస గురించి పాఠం. రోగి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నాడో పూర్తిగా ఒక నిమిషం గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. పుస్తకంలో ఉన్న మాట అది. వార్డులో ఏం జరుగుతుందో ఆ దారిన నడిచిన ప్రతి నర్సుకీ తెలుసు. ముప్పై మంచాలకి ముప్పై నిమిషాలు ఎవరి దగ్గరుంటాయి? మనిషి మామూలుగా కనబడితే చాలు, ఇరవై అని వేసేస్తారు. చార్టులు తిరగేస్తే పేజీల నిండా ఇరవైలే.

"శ్వాస లెక్కపెట్టకుండా చార్టులో అంకె వేసినవాళ్ళు చేతులెత్తండి," అన్నాను.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"సరే, ఇదే ప్రశ్న రిమోట్‌కి. ఒకటో మీట అవును, రెండోది లేదు."

లాయరు లేచింది. "మేడమ్, పేర్లు రావు కదా?"

"రావు."

"ఖాయమేనా?"

"తెర మీద ఎప్పుడైనా పేర్లు చూశావా? రావమ్మా. నొక్కు."

కడ్డీలు లేచాయి. లేదు అన్నవాళ్ళు ముప్పై ఒక్కరు. అవును అన్నవాళ్ళు పదకొండు మంది.

నేను తిట్టలేదు. కొత్తలో నేనూ అలా వేశానని చెప్పాను. నిజమే. తర్వాత ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి ఊపిరి ఒకరు నిమిషంపాటు లెక్కపెట్టమన్నాను. ఎవరికీ సరిగ్గా ఇరవై రాలేదు. పద్నాలుగు, పదిహేడు, పదమూడు. ఒకమ్మాయికి నవ్వు ఆగక ఇరవై ఆరు వచ్చింది. "దీన్ని ఐసీయూలో చేర్చండి మేడమ్," అంది లాయరు. నా ఉద్యోగంలో అంత మంచి పాఠం నేను ముందెప్పుడూ చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆ సంబరమంతా ఇంటికి మోసుకొచ్చాను. మావారు మా ఆసుపత్రిలోనే రికార్డు రూము సూపర్వైజరు. ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"పిల్లల చేత ఓట్లు వేయిస్తున్నావా టీచరమ్మా? ఇంతకీ గెలిచిందెవరు?"

"ఊపిరి," అన్నాను. లాప్‌టాప్ తెరిచి రంగు కడ్డీలు చూపించాను. ఆ ఊపులో ఇంకో మాట కూడా అన్నాను. "ఎవరు ఏం నొక్కారో కూడా ఇందులోనే ఉంటుందండీ, ఇదిగో ఇక్కడ నొక్కితే చాలు. కానీ నేను చూడను. మాటిచ్చాను."

"మంచిదే," అన్నారాయన, చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ.

నేను నిజంగానే చూడలేదు. ఎందుకు చూడలేదా అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

* * *

పాఠమైన ఎనిమిదో రోజు, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్న పెద్దావిడకి సాయంత్రం డాక్టరు వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లు ఊపిరి పీలుస్తోంది. చార్టులో మాత్రం రెండు గంటలకి ఇరవై, నాలుగు గంటలకి ఇరవై. అంత ఇబ్బంది ఒక్క క్షణంలో రాదు. మధ్యాహ్నం నుంచే పెరుగుతూ ఉండాలి. పరుగులమీద ఐసీయూకి తీసుకెళ్ళారు. పన్నెండు రోజులుండి బతికి బయటపడింది కానీ, ఆవిడ కొడుకు ఆ చార్టు ఫొటో తీసుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఆ వార్డులో స్టాఫ్ నర్సుతోపాటు ఉన్న విద్యార్థినులు ఇద్దరే. ఒకరు లాయరు. ఇంకొకరు మా చిన్ని. మా దగ్గర విద్యార్థినులు చార్టులో అంకె వేస్తారు గానీ సంతకం పెట్టరు. స్టాఫ్ నర్సు పెడుతుంది. ఆ రోజు ఆమె చూడకుండానే పెట్టేసింది. ఎవరు వేశారని విచారణలో అడిగారు.

"నేను కాదు. కిటికీ వైపు వరస నాది కాదు," అంది లాయరు.

"గుర్తులేదు," అంది చిన్ని.

వరసలు పంచుకున్నది నోటిమాటగా. కాగితం మీద ఏమీ లేదు. రెండు పక్కన సున్నా ఎవరు వేసినా ఒకేలాగే కనబడుతుంది. విచారణ అక్కడ ఆగిపోయింది. ఆగిన విచారణకి ఆ సోమవారం పొద్దున్న దారి దొరికింది. ఇద్దరిలో ఒకరి పేరు జాబితాలో ఉంది. ఇంకొకరిది లేదు. అంతకంటే ఏం కావాలి?

ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

"ఆ జాబితా మీకెవరిచ్చారు మేడమ్?"

"నిన్న సాయంత్రం కవరులో పెట్టి నా టేబుల్ మీద పడేశారు. పంపినవాళ్ళ పేరు లేదు. మీరే పంపారేమో, చెప్పడానికి మొహమాటపడ్డారేమో అనుకున్నాను."

"నేనా? వాళ్ళకి మాటిచ్చాను మేడమ్. ఆ మాట మీదే వాళ్ళు నిజం చెప్పారు."

"నిజమే కదా మరి చెప్పింది!" అన్నారావిడ. "ఒక మనిషి ప్రాణం పోయేది. మీ మాట గురించి పేషెంటు కొడుక్కి నన్నేం చెప్పమంటారు? శుక్రవారం పదింటికి విచారణ. ఆ పిల్లని పంపించేస్తే ఈ గొడవ అక్కడితో ముగుస్తుంది."

పంపించేయడమంటే ఏడాది పోవడం కాదు. పూర్తిగా పంపించేయడం.

బయటికొచ్చేసరికి నా ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదైనా విరుచుకుపడాలి. రిమోట్ల సంగతి నాకు కాక తెలిసింది ఇంకొక్కరికే. స్టాఫ్ రూములో పదిమంది టీచర్ల ముందు వైర్ల మాస్టారిని నిలబెట్టి అడిగాను.

"మాస్టారూ, ఎంతకాలం నుంచి సాగుతోందిది? పిల్లల జవాబులు బయటికి మోయడం?"

ఆయన మెడలో వైరు తీసి చేతికి చుట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"నేను తెర వెలిగేలా చేస్తానమ్మా. తెరలో ఏముందో నాకెందుకు? పేర్లు మీ లాప్‌టాప్‌లో ఎక్కించింది మీరే కదా."

"మీరు అనుకుంటే తీయలేరా?"

"తీయొచ్చేమో. తీసుంటే మొత్తం తీసేవాడిని కదా?" అన్నాడు. "ఆ రోజు ప్రొజెక్టరు పక్కన నేనే నిలబడ్డాను. తెర మీద పదకొండు అని ఉంది. బోర్డు మీద పది పేర్లే ఉన్నాయేంటమ్మా?"

స్టాఫ్ రూములో ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. నేను పుస్తకాలు తీసుకుని బయటికి నడిచాను. ఆయనకి క్షమాపణ చెప్పడానికి నాకు నెల పట్టింది. "పరవాలేదమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆయనెప్పుడూ నా క్లాసుకి రాలేదు. ఇంకొకరిని పంపేవాడు.

* * *

ఇంట్లో ఎవరూ లేరు. లాప్‌టాప్ తెరిచాను. చూడనని చెప్పిన చోట నొక్కాను. ఎడమ వైపు పేర్లు, కుడి వైపు జవాబులు. అవును అన్నవి పదకొండూ ఉన్నాయి. పదింటిని పొద్దున్న బోర్డు మీద చదివినవాటితో సరిచూసుకుంటూ వచ్చాను. మిగిలింది ఒకటి. ఇరవై తొమ్మిదో రిమోట్. చిన్ని.

తలుపు చప్పుడైంది. అదే వచ్చింది. బూట్లు విప్పకుండానే నా ఎదురుగా నిలబడింది. తెర మీద ఏముందో దానికి కనబడుతూనే ఉంది.

"ఇంకా ఏమైనా చెరపాల్సినవి మిగిలాయా మేడమ్?"

ఇంట్లో మేడమ్ అని పిలవడం అదే మొదటిసారి.

"చిన్నీ, నేను కాదే."

"క్లాసులో అందరికీ తెలిసిపోయింది. టీచరు కూతురు పేరు ఒక్కటే ఎగిరిపోయిందట. పదకొండు మందిమని అందరం చూశాంగా. పది మంది ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మిగిలింది ఎవరో వెతకడానికి ఎంతసేపు పడుతుంది? నా పక్కన ఎవ్వరూ కూర్చోలేదమ్మా ఈ రోజు."

"నాకు ఇప్పటిదాకా నువ్వు నొక్కినట్టే తెలీదు."

"నీ లాప్‌టాప్, నీ పాస్‌వర్డు. ఇంకెవరు చేస్తారు?"

అది కుర్చీలో కూలబడింది. నేలకేసి చూస్తూ అంది.

"ఆ ఇరవైలు నావే."

"ఏ ఇరవైలు?"

"పెద్దావిడ చార్టులో. పన్నెండింటికి నిజంగానే లెక్కపెట్టానమ్మా. ఇరవై రెండు వచ్చింది. వేశాను. తర్వాత వార్డులోకి ఒకేసారి నలుగురు కొత్తవాళ్ళొచ్చారు. రెండింటికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. దూరం నుంచే వేసేశాను. నాలుగింటికి అదీ లేదు, మంచం వైపు చూడను కూడా చూడలేదు. క్లాసులో అంత చెప్పించుకుని, అవునని నొక్కి, ఎనిమిది రోజులు తిరక్కుండానే మళ్ళీ..." బూటు లేసు లాగి విప్పింది. "గుర్తులేదన్నాను. లాయరు నా పక్కనే నిలబడి ఉండగా. నేను చెబుతానని అది ఎదురుచూసింది. ఇప్పటికీ ఎదురుచూస్తోంది."

లాయరు, చిన్ని మొదటి ఏడాది నుంచీ ఒకే బెంచీ. పరీక్షలప్పుడు ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండి చదువుకునేది. ముందు గదిలో పుస్తకాలు పరిచి మావారితో వాదనలు పెట్టుకునేది. అయినా చిన్ని పేరు ఎవరికీ చెప్పలేదు. నేను కాదంది, అంతే. చిన్ని అని ఒక్క మాట అనుంటే తను బయటపడేది.

"శుక్రవారం వెళ్ళి చెబుతాను," అంది చిన్ని. "నువ్వు ఆపకు."

"ఆపను."

"నా పేరు ఎందుకు తీశావో మాత్రం నాకెప్పటికీ అర్థం కాదు."

నేను తీయలేదని మళ్ళీ చెప్పాను. అది నమ్మలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు ముందు నిలబడి ఆలోచిస్తూ ఉండగా నాకు ఒక అనుమానం వచ్చింది. వచ్చినంత వేగంగా దాన్ని తోసేశాను. ఇరవై నాలుగేళ్ళ కాపురం. అలాంటి ఆలోచన వచ్చినందుకే సిగ్గుపడ్డాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారిని బతిమాలి, కవరులో వచ్చిన అసలు కాగితం చూపించమన్నాను. బోర్డు మీద పెట్టింది ఆఫీసులో టైపు చేసింది. అసలుది చేత్తో రాసింది. అక్షరాలు విడివిడిగా, ఎవరివో పోల్చుకోవడానికి వీల్లేకుండా అచ్చక్షరాల్లా ఉన్నాయి. రాసినవాళ్ళు జాగ్రత్తపడ్డారు. పదో పేరు కింద "మొత్తం 10, పది మాత్రమే" అని ఉంది. దాని కింద మిగిలిన ఖాళీ జాగాకి ఆ మూల నుంచి ఈ మూలకి ఏటవాలుగా ఒక గీత కొట్టి ఉంది.

కాగితం తిరిగిచ్చేశాను.

"పోల్చారా?" అన్నారావిడ.

"శుక్రవారం చెబుతాను మేడమ్."

రికార్డు రూములో ఏ జాబితా రాసినా అంకె వేసి, పక్కనే అక్షరాల్లో కూడా రాస్తారు. కింద ఖాళీ వదలరు. వదిలితే తర్వాత ఎవరైనా ఇంకో పేరు ఇరికిస్తారని గీత కొట్టేస్తారు. మా ఇంట్లో చాకలికేసే బట్టల చీటీకి కూడా ఆ గీత ఉంటుంది. పెళ్ళైన కొత్తలో దాన్ని చూసి ఎంత నవ్వానో!

ఆ సాయంత్రం మావారికి టీ ఇస్తూ ఒక్క మాటే అన్నాను.

"శుక్రవారం పదింటికి విచారణ. చిన్ని వస్తోంది. నేనూ వెళ్తున్నాను."

ఆయన కప్పు అందుకున్నారు. "దేనికి?" అన్నారు.

"అది వేసిన అంకెలు అది ఒప్పుకోవడానికి. నేను ఎక్కించిన పేర్లు నేను ఒప్పుకోవడానికి. మీ ఇష్టం."

ఆయన టీ తాగలేదు. మీగడ కట్టేదాకా ఆ కప్పు వైపే చూస్తూ కూర్చున్నారు.

* * *

ఆ వానాకాలం తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, దాచడానికేముంది? చిన్నికి ఏడాది పోయింది. ఆ ఏడాది మళ్ళీ చదివింది గానీ మా ఇంట్లో ఉండి కాదు, హాస్టల్లో. ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. మంచి నర్సని విన్నాను, వేరేవాళ్ళ నోట. మావారు గడువుకి ముందే ఉద్యోగం మానేశారు. ఒకే ఇంట్లో ఉంటాం, అవసరమైన మాటలన్నీ మాట్లాడుకుంటాం. లాయరుకీ, జాబితాలోని మిగతా తొమ్మిది మందికీ వార్డు గంటలు తిరిగిచ్చారు. కానీ నోటీసు బోర్డు మీద పేరు చదివిన ఊళ్ళో తలెత్తుకుని తిరగలేక ఇద్దరు చదువు మానుకున్నారు. వాళ్ళిళ్ళకి వెళ్ళాను. ఒకరు తలుపు తీయలేదు. ఇంకొకరు తీసి, మంచినీళ్ళిచ్చి, ఏమీ మాట్లాడకుండా పంపించారు.

నేను ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాను. రిమోట్లూ ఉన్నాయి. పేర్లన్నీ తీసేశాను. ఏటా వానాకాలంలో అదే ప్రశ్న వేస్తాను. నలభై రెండుకి నలభై రెండూ "లేదు" అనే వస్తుంది. ముందు బ్యాచీవాళ్ళు తర్వాతి బ్యాచీవాళ్ళకి చెప్పి పోతారు. ఆ మేడమ్ క్లాసులో నిజం నొక్కకండి అని.

* * *

శుక్రవారం ప్రిన్సిపాల్ గారి గదిలో బల్లకి అటు వైపు ఆవిడ, సూపరింటెండెంటు. ఇటు వైపు లాయరు, వాళ్ళమ్మ. ఆవిడ బట్టలు కుడుతుంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, భుజం మీద దారం ముక్క అలాగే ఉంది.

చిన్ని నిలబడే చెప్పింది. రెండింటి ఇరవై, నాలుగింటి ఇరవై. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చెప్పడం అయ్యాక లాయరు వైపు తిరిగింది. లాయరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

నేను పేర్లు ఎక్కించిన సంగతి చెప్పాను. జవాబులు పేర్లతో సహా తెలుస్తాయని తెలిసి కూడా పిల్లలతో రావన్నానని చెప్పాను. ఇంట్లో తెరిచి చూపించానని చెప్పాను. ఎవరికి చూపించానో మాత్రం చెప్పలేకపోయాను. సూపరింటెండెంటు కలం పట్టుకుని, "ఎవరికి?" అన్నాడు.

అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. మావారు. రికార్డు రూములో వేసుకునే నీలం కోటుతోనే ఉన్నారు. ఎవరూ కూర్చోమనలేదు.

"నాకు చూపించింది," అన్నారు. "కవరు పెట్టింది నేనే."

చిన్ని నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"గొడవైన మర్నాడు ఆ చార్టు నా టేబుల్ మీదకి వచ్చిందండి," అన్నారాయన, సూపరింటెండెంటుతో. "మా అమ్మాయికి అంకెలు దిద్దబెట్టింది నేను. దాని సున్నా ఎలా ఉంటుందో మీకెవరికీ తెలీదు, నాకు తెలుసు. ఇద్దరిలో ఒకళ్ళని తేలుస్తారు, అది ఎలాగూ అబద్ధం మీద నిలబడలేదు, బయటపడిపోతుంది. ఏదో ఒకటి చేయాలి. మా ఆవిడ లాప్‌టాప్ గుర్తొచ్చింది, ఆవిడ కొడుతుంటే చూసిన పాస్‌వర్డూ గుర్తుంది. మీ విచారణ మా పిల్ల మీద నుంచి పక్కకి మళ్ళితే చాలనుకున్నాను. ఆదివారం ఇద్దరూ బయటికి వెళ్ళినప్పుడు తెరిచి, రాసుకున్నాను. దాని పేరు వదిలేశాను. అంతే."

"అంతేనా!" అంది లాయరు వాళ్ళమ్మ. ఆ గదిలో ఆవిడ అన్న మాట అదొక్కటే.

లాయరు కిటికీ నుంచి తిరిగింది. ఏడవడం లేదు. మా ఇంటి ముందు గదిలో ఆయనతో వాదించేటప్పటి గొంతుతోనే అడిగింది.

"నా పేరు ఎలా రాయగలిగారంకుల్? మూడేళ్ళు మీ ఇంట్లో తిరిగాను. నన్ను లాయరమ్మా అని పిలిచేది మీరే. నా పేరు దగ్గరికి వచ్చినప్పుడు మీ చెయ్యి ఆగలేదా?"

ఆయన కోటు జేబులోంచి చెయ్యి తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నీ పేరని రాయలేదమ్మా," అన్నారు. "ముప్పై ఏళ్ళుగా నా పని అదే. రోజుకి రెండు వందల పేర్లు ఈ కాగితం నుంచి ఆ కాగితంలోకి ఎక్కిస్తాను. చెయ్యి రాసుకుంటూ పోతుంది. ఆ రోజు నేను వెతికింది ఒక్క పేరు. అది కనబడింది, దాటేశాను. ప్రాణం కుదుటపడింది. మిగతా పదీ నా చేత్తోనే రాశాను గానీ, అవెవరివో... సోమవారం బోర్డు మీద చూసేదాకా అందులో నువ్వున్నావని నాకు తెలీదు తల్లీ. నేనసలు చదవలేదు."